నాలుగో పొగగొట్టం

1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద ఫిరంగి గుండ్లు కురిపించిన ఓడ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పొడవు పదిహేడు సెంటీమీటర్లకు ఒక మిల్లీమీటరు తక్కువ. ఇంకా రంగు పడలేదు. రెజిన్ తన సహజమైన మీగడ రంగులోనే ఉంది. పక్కన ఓ సీసా మూతలో వేలిగోరంత పొగగొట్టాలు మూడు. నాలుగోది చెయ్యాలా వద్దా అన్నది తేలక పది రోజులుగా జిగురు ముట్టుకోలేదు.

ఆ ఓడ పేరు ఎండెన్. జర్మన్ నౌకాదళపు తేలికరకం క్రూయిజర్. డాన్‌జిగ్‌లో కట్టి 1908 మేలో నీళ్లలోకి దించారు, మరుసటేడు జులైలో నౌకాదళంలో చేర్చుకున్నారు. పొడవు 118.3 మీటర్లు, వెడల్పు 13.5 మీటర్లు, పది ఫిరంగులు, మూడు పొగగొట్టాలు, బొగ్గుతో మండే పన్నెండు బాయిలర్లు. చైనా తీరంలో జర్మన్ల స్థావరం చింగ్‌దావ్‌లో ఉన్న రోజుల్లో ఒళ్లంతా తెల్లరంగుతో తిరిగేది. అందుకే ‘తూర్పు హంస’ అని ముద్దుపేరు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ తెలుపు పోయి బూడిదరంగు వచ్చింది.

ఎవరికీ కొరుకుడు పడని గడుసువాణ్ని తమిళులు ‘ఎండన్’ అంటారు. ఒక ఓడ పేరు మనిషి గుణానికి పేరైపోయిందంటే ఆ ఓడ ఎంతగా హడలగొట్టి ఉండాలి! అప్పటికి మద్రాసు మనది కూడా. కోస్తా జిల్లాలకూ రాయలసీమకూ అదే రాజధాని. పెద్ద కోర్టు పనికైనా, పై చదువుకైనా అక్కడి తెలుగువాడు తరచు ఎక్కవలసింది మద్రాసు రైలే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను దినపత్రికగా ఆ ఊళ్లో మొదలుపెట్టి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. అలాంటి ఊరి మీదికి, దీపాలన్నీ వెలుగుతున్న వేళ, ఎండెన్ వచ్చింది. మూడు వేల గజాల దూరంలో ఆగి, సెర్చ్‌లైట్ వేసి, రేవు దగ్గరున్న బర్మా ఆయిల్ కంపెనీ టాంకుల మీద కాల్పులు మొదలుపెట్టింది. మొత్తం 130 గుండ్ల దాకా పేల్చింది. రెండు టాంకులు భగ్గుమన్నాయి. రేవులో ఉన్న ఓ వర్తక నౌకకూ దెబ్బ తగిలింది. తర్వాతి రోజుల్లో మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచినవాళ్లు వేలమంది.

ఈ కథ చాలామంది రాశారు. నేను చెప్పదలచింది ఆ ఓడను చేత్తో చేస్తున్నప్పుడు తెలిసివచ్చిన సంగతి.

ఓడల మోడళ్లు చేసేవాళ్లకు మామూలుగా దొరికేది ప్లాస్టిక్ కిట్. దానికి ఉక్కు అచ్చు కావాలి. ఉక్కు అచ్చు చెక్కించాలంటే పెట్టుబడి ఎక్కువ, అది తిరిగిరావాలంటే కిట్లు వేలల్లో అమ్ముడుపోవాలి. అందుకే పెద్ద కంపెనీలు బిస్మార్క్, యమాటో, టైటానిక్ చుట్టూనే తిరుగుతుంటాయి. ఎండెన్‌ది గొప్ప పేరు కాబట్టి రెవెల్ దాన్ని 1/350 కొలతలో ప్లాస్టిక్‌లో తెచ్చింది. ఆ అదృష్టం అన్ని ఓడలకూ ఉండదు. పాఠ్యపుస్తకానికి ఎక్కని ఓడలు, మూడు నాలుగేళ్లు బతికి మునిగిపోయినవి, ఒకే ఒక్క యుద్ధం చూసినవి రెజిన్‌లోనే బతుకుతున్నాయి. ఒక చిన్న గదిలో ఇద్దరు ముగ్గురు పనివాళ్లు చేసే పని ఇది. మొదట ఒక మూలరూపం చేస్తారు. దాని చుట్టూ సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. రెండు ద్రవాలు కలిపి ఆ అచ్చులో పోస్తే కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. రబ్బరు మెత్తన కాబట్టి ఎంత సన్నటి చెక్కడాన్నైనా పట్టుకుంటుంది. కానీ కొన్ని పదుల పోతలు పోసేసరికి చిరిగిపోతుంది. ఆ తర్వాత మళ్లీ కొత్త అచ్చు. ఇన్నాళ్లూ నేను చూసిన రెజిన్ కిట్లలో ఏ రెండూ అచ్చంగా ఒకటిగా లేవు. వాటి మీద నాకున్న ఇష్టానికి అదీ ఒక కారణం.

నా ఎండెన్‌కు ముక్కు కొసన ఒక గాలిబుడగ ఉంది. పోసేటప్పుడు గాలి చిక్కుకుని, గట్టిపడ్డాక గుండుసూది తలంత గుంట మిగిలింది. దాన్ని పుట్టీతో నింపి, ఎండాక తడి ఉప్పుకాగితంతో రుద్దాను. ‘తడి’ అన్న మాట ఊరికే అనలేదు. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు చేటు. నీళ్లలో తడుపుతూ రుద్దాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అంతకంటే ముందు ముక్కలన్నిటినీ గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ఉంటే దాని మీద రంగు నిలవదు. వంగిన ముక్కను వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, చదునుగా పెట్టి చల్లారనిస్తే తిన్నగా నిలుస్తుంది. ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ను అంటించదు. సూపర్ గ్లూ వాడాలి. అది పట్టుకుందంటే తప్పు దిద్దుకోవడానికి రెండో అవకాశం ఇవ్వదు.

ఇక్కడి దాకా చేతిపని. చరిత్ర మొదలయ్యేది చిన్నచిన్న భాగాల దగ్గర.

నా మోడల్ కొలత 1/700. అందులో మనిషి రెండున్నర మిల్లీమీటర్లకు మించడు. నాలుగు మీటర్ల పైచిలుకు ఫిరంగి గొట్టం ఆరు మిల్లీమీటర్లవుతుంది. డెక్ అంచున ఉండే కమ్మీల ఎత్తు మిల్లీమీటరున్నర లోపే. అంత సన్నటివాటిని రెజిన్‌లో పొయ్యలేరు. పల్చటి ఇత్తడి రేకు మీద నమూనా ముద్రించి, అక్కర్లేని చోటల్లా ఆమ్లంతో కొరికిస్తారు. మిగిలిన కమ్మీలను కత్తిమొనతో విడదీసి, చిన్న పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికించాలి. పది ఫిరంగులూ ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పుడే ఒంటబడుతుంది. ముందు రెండు పక్కపక్కన, వెనక రెండు పక్కపక్కన, నడుమ అటు మూడు ఇటు మూడు. ఒక పక్కకు తిరిగి కాల్చాలంటే పదింటిలో అయిదే పనికొస్తాయి. పుస్తకంలో ‘పది ఫిరంగులు’ అని ఎన్నోసార్లు చదివినా, వాటిని ఒక్కొక్కటిగా అతికించేదాకా ఆ అయిదు సంగతి నాకు తట్టలేదు.

రంగు దగ్గర ఇంకో చిక్కు. ఎండెన్ ఫొటోలన్నీ నలుపు తెలుపులే. పైగా ఆ కాలపు ఫిల్ముకు ఎరుపు కనపడదు. ఎర్రటి వస్తువు నల్లగా, నీలి వస్తువు తెల్లగా పడుతుంది. ఫొటోలో నల్లగా కనిపించింది కదా అని నల్లరంగు వేస్తే పొరపాటు కావచ్చు. ఏది ఎంత ముదురు బూడిద, ఏది బొగ్గు మసి అన్నది ఆలోచించి తేల్చుకోవాలి.

ఆ బొగ్గు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎండెన్‌ను తెల్లగా తుడిచిన డెక్‌తో చేసిన మోడళ్లు చాలా చూశాను. అవి శాంతికాలపు ఎండెన్‌వైతే సరే. 1914 ఆగస్టులో తన దళం నుంచి విడిపోయి ఒంటరిగా హిందూ మహాసముద్రంలోకి వచ్చిన ఎండెన్‌కు ఒక్క రేవు కూడా లేదు. బొగ్గు తొట్లు నిండా నింపినా 860 టన్నులే. ఆ పైన కావాలంటే నడిసముద్రంలో మరో ఓడను ఆనుకుని నిలబడి బస్తాలు మోసుకోవాలి. తొట్లు నిండాక మిగిలింది డెక్ మీదే పొయ్యాలి. ఓడకు ఓడ రాసుకుంటే పక్కల రంగు లేచిపోతుంది. అక్టోబర్‌లో డియెగో గార్సియా దీవి దగ్గర లంగరు వేస్తే, యుద్ధం వచ్చిన సంగతే తెలియని ఆ దీవివాళ్లు మర్యాద చేసి పంపారు. అలాంటి చోట్ల కాసేపు తుడుచుకోవడం తప్ప ఆ ఓడకు విశ్రాంతి లేదు. కాబట్టి నా ఎండెన్ డెక్ మీద నల్లపొడి రుద్దుతాను. ఇది అలంకారం కోసం కాదు, అది బతికిన తీరు.

కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ తీరు కూడా చెప్పుకోదగ్గది. సెప్టెంబర్ 10 నుంచి బంగాళాఖాతంలో ఒక్కో వర్తక నౌకను పట్టుకుంటూ, మనుషుల్ని ముందు వేరే ఓడ ఎక్కించి ఆ తర్వాతే ముంచేవాడు. ఇండస్ అనే ఓడలో దొరికిన సబ్బులు ఎండెన్ నావికులకు చాలా రోజులు వచ్చాయి. కబింగా అనే ఓడలో కెప్టెన్ భార్యాబిడ్డలు ఉన్నారని తెలిసి దాన్ని వదిలేశాడు, పట్టుబడినవాళ్లందరినీ అందులోనే ఎక్కించి పంపాడు. శత్రువు పత్రికలు కూడా అతణ్ని పెద్దమనిషి అన్నాయి. మద్రాసులో ప్రాణాలు కోల్పోయినవాళ్ల ఇళ్లలో ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో మాత్రం మరవకూడదు.

ఇక పొగగొట్టం. ఎండెన్‌కున్నవి మూడే. ఆ సముద్రంలో తిరుగుతున్న బ్రిటిష్ క్రూయిజర్ యార్‌మత్‌కు నాలుగు. కర్రలూ కాన్వాస్ గుడ్డా కలిపి నాలుగోది కట్టి నిలబెడితే దూరం నుంచి చూసేవాళ్లు బ్రిటిష్ ఓడే అనుకుంటారని ఉపకెప్టెన్ హెల్ముట్ ఫాన్ ముకె సలహా. అక్టోబర్ 28 తెల్లవారుజామున ఆ నాలుగు గొట్టాలతోనే పెనాంగ్ రేవులోకి జొరబడి, రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచింది. బయటికి వస్తూ ఫ్రెంచి నౌక ముస్కెను కూడా ముంచింది.

అంటే మూడు గొట్టాల ఎండెనూ నిజమే, నాలుగు గొట్టాల ఎండెనూ నిజమే. మోడల్ చేసేవాడు ఒక తేదీ ఎంచుకోక తప్పదు. ఒట్టి ‘ఎండెన్’ను చెయ్యడం కుదరదు, ఫలానా రోజు ఫలానా గంటకు ఉన్న ఎండెన్‌నే చెయ్యగలం.

నా మనసు మొదట మద్రాసు వైపే లాగింది. కానీ పుస్తకాలు మళ్లీ తిరగేశాక నవంబర్ 9 ఉదయం దగ్గర ఆగాను. ఆరు గంటలకు ఎండెన్ కోకోస్ దీవుల్లోని డైరెక్షన్ దీవి ముందు నిలిచింది. అక్కడి టెలిగ్రాఫ్ కేంద్రాన్ని ధ్వంసం చెయ్యాలని ముకెతో పాటు యాభై మంది ఒక ఆవిరి పడవలో, దానికి కట్టిన రెండు పడవల్లో ఒడ్డుకు బయలుదేరారు. టెలిగ్రాఫ్ కేంద్రంవాళ్లు మొదట అది తమ ఓడే అనుకున్నారు. వాళ్లలో ఒకరు తేరిపార చూసి, నాలుగో గొట్టం ఇనుముది కాదు, గుడ్డది అని పోల్చుకున్నారు. వెంటనే వైర్‌లెస్‌లో సందేశం వెళ్లింది. ఎండెన్ ఆ తరంగాలకు అడ్డుపడటానికి ప్రయత్నించినా ఆపలేకపోయింది. సైనికుల్ని తీసుకెళుతున్న ఓడల బారుకు కాపలాగా వంద కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీకి అది అందింది.

తర్వాత జరిగింది పోరు అనడానికి కూడా చాలదు. సిడ్నీ గుండు ఒక్కొక్కటి 100 పౌండ్లు, ఎండెన్ గుండు 38 పౌండ్లు. మధ్యాహ్నం కాకముందే ఎండెన్ పొగగొట్టాలు మూడూ, ముందు స్తంభమూ కూలిపోయాయి. మునిగిపోకుండా ముల్లర్ ఓడను నార్త్ కీలింగ్ దీవి పగడపు రాళ్ల మీదికి ఎక్కించాడు. చనిపోయిన నావికులు 130 మందికి పైనే. ఒడ్డున చిక్కుకున్న ముకె బృందం అయేషా అనే పాత తెరచాప ఓడ తీసుకుని తప్పించుకుంది. అరేబియా మీదుగా మరుసటేడు కాన్‌స్టాంటినోపుల్ చేరింది.

పలు దేశాల నౌకాదళాలు వెతుకుతున్న ఓడను చివరికి పట్టించింది గుడ్డకూ ఇనుముకూ తేడా పోల్చిన ఒక చూపు. మేం బల్ల ముందు భూతద్దం పెట్టుకుని నేర్చుకునేది సరిగ్గా ఆ చూపే. అది అర్థమయ్యాక నా సందేహం తీరిపోయింది. నా ఎండెన్ నవంబర్ 9 ఉదయానిదే అవుతుంది. నాలుగో గొట్టాన్ని రెజిన్‌తో చెయ్యను. సన్నటి రాగి తీగల చట్రానికి పల్చటి కాగితం చుట్టి, తీగల మధ్య కొంచెం లోపలికి నొక్కుతాను, గుడ్డ గాలికి లోపలికి పోయినట్టు. మిగతా మూడింటికీ ఉన్న ఆవిరి గొట్టాలూ నిచ్చెనలూ దానికి ఉండవు. పైన మసి ఉండదు. ఒడ్డుకు వెళ్లిన మూడు పడవలు ఓడ మీద కనిపించవు, వాటిని వేలాడదీసే కొక్కేలు ఖాళీగా ఉంటాయి.

ఆఖరి పని, స్తంభానికీ స్తంభానికీ మధ్య వైర్‌లెస్ తీగ. కిట్లలో మిగిలిపోయే ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి మంటకు ఎడంగా పట్టి, మెత్తబడగానే పక్కకు తీసి రెండు చేతులా నెమ్మదిగా లాగితే వెంట్రుక కంటే సన్నటి పోగు వస్తుంది. దాన్నే కట్టాలి. తొందరపడితే తెగుతుంది, ఆలస్యం చేస్తే గట్టిపడుతుంది.

అసలు ఎండెన్ ఫిరంగి ఒకటి సిడ్నీ నగరంలోని హైడ్ పార్కులో ఉంది. మన దగ్గర మిగిలింది మద్రాసు హైకోర్టు ప్రహరీ తూర్పు గోడకు పెట్టిన ఓ చిన్న ఫలకం. ఆ రాత్రి ఎండెన్ గుండు పడిన చోటు అది. ఈసారి చెన్నైలో పారిస్ కార్నర్ వైపు వెళితే బీచ్ వైపు గోడ వెంట నాలుగడుగులు నడిచి దాన్ని చూసి రండి.