ప్రయాణమునకు ముందటి రాత్రి

ఐర్లండు దేశమున వాయవ్యమూలనున్న డోనెగాల్ మండలములో, మకిష్ అను కొండ ప్రక్కనుండి పోవు కనుమదారిలో, చిన్న వాగుపై ఒక రాతివంతెన కలదు. చూచుటకు అందులో విశేషమేమియు లేదు. మన పల్లెల పొలిమేరలలో పంటకాలువలపై కట్టిన వంతెనలకంటె అది పెద్దది కాదు. అయినను ఆ ప్రాంతమువారు దానిని కన్నీటివంతెన యని పిలుచుచున్నారు. పందొమ్మిదవ శతాబ్దమున బ్రతుకుతెరువు వెదకుకొనుచు సముద్రము దాటిపోవు పడుచువారి వెంట తల్లిదండ్రులును, తోబుట్టువులును, ఇరుగుపొరుగువారును ఆ వాగుదాక నడచివచ్చి, అచ్చట ఆగిపోయెడివారు. పోవలసినవారు మాత్రము వంతెన దాటి, డెర్రీ రేవుదాక కాలినడకనే సాగిపోయెడివారు. బంధుమిత్రులు ఇంతవరకు వచ్చిరనియు, ఎడబాటు ఇచ్చటనే జరిగెననియు తెలుపు శిలాఫలకమొకటి నేటికిని ఆ దారిప్రక్కన నిలిచియున్నది.

వంతెనకడ జరిగినది వీడ్కోలులో కడపటి ఘట్టము మాత్రమే. అసలు తంతు అంతకుముందటి రాత్రి ఇంటిలోనే నడచెడిది. ఐర్లండులో ఎవరైన మరణించినప్పుడు శవమును ఇంటిలోనే ఉంచి, ఊరివారందరును రాత్రియెల్ల మేలుకొని కావలియుండుట ప్రాచీనాచారము. వచ్చినవారికి మట్టిచిలుములును పొగాకును ఇచ్చుటయు, నశ్యపుపళ్లెము త్రిప్పుటయు, కథలు చెప్పుకొనుటయు, ఒక్కొక్కప్పుడు ఆటలాడుటయు అందులో భాగములే. మృతునికి చేయు ఆ జాగరణమునే ఆ ప్రజలు అమెరికాకు పోవు బిడ్డకును చేసిరి. దానిని అమెరికా జాగరణమనిరి. పోయిన బిడ్డ మరల కంటబడుట అంత అరుదు గనుక ఈ పోలిక వారికి వింతగా తోచలేదు.

1935లో ఏర్పడిన ఐర్లండు జానపద సంఘమువారు ఊరూర తిరిగి వృద్ధుల నోటినుండి వ్రాసికొన్న జ్ఞాపకములవలన ఆ రాత్రి ఎట్లు గడచెడిదో మనకు తెలియుచున్నది. ప్రయాణమునకు ముందు కొన్ని దినములు ఆ పిల్లయో పిల్లవాడో ఇంటింటికి పోయి చెప్పుకొని వచ్చుట మర్యాద. ఆ సాయంకాలము వంటింటిలోని బల్లను గోడకు జరిపి, పొయ్యిలో పీటు గడ్డలను ఎగదోసి, ఇరుగుపొరుగు ఇండ్లనుండి పీటలును కప్పులును ఎరువు తెచ్చుకొనెడివారు. పీటు అనగా బురదనేలలనుండి త్రవ్వి యెండబెట్టిన ఒక విధమైన మట్టి యింధనము. ఐర్లండు పశ్చిమభాగమున కట్టె దుర్లభమగుటచే వంటకును వెచ్చదనమునకును అదియే ఆధారము. రాత్రి దాని నిప్పులపై బూడిద కప్పి, ఉదయమున మరల రాజేసి, ఏండ్ల తరబడి ఆరనీయకుండ కాపాడుకొన్న గృహములు అనేకములు. అట్టి పొయ్యి చుట్టును పెద్దవారు కూర్చుండగా, నడిమి చప్టాపై యువజనులు నాట్యమాడెడివారు. ఫిడేలు వాయించువాడు దొరకనిచో నోటితోనే రాగము పలికెడివారు. కరవుకాలమున ఇట్టి ఆతిథ్యమునకు శక్తి యెవరికి నుండెను? ఆ దినములలో ఊరక కూర్చుండి మాటలాడుకొనుటతోనే రాత్రి గడచెడిదట. విందులును సారాయియు కొంత కలిమి వచ్చిన పిదప చేరినవి.

తెల్లవారుజాము సమీపించిన కొలదియు ఉల్లాసము తగ్గి, ఒకానొక క్షణమున తల్లియో, ఊరిలోని వృద్ధ యొకతెయో స్వరమెత్తి శోకము పెట్టెడిది. శవముమీద చదివెడి శోకమే యది: పోవువాని గుణములను వర్ణించుటయు, పొలములో వాడు చేసిన పనులను పేరుపేరున తలచుటయు, ఇక ముసలివారి గతి యేమని ప్రశ్నించుటయు అందుండెడివి. శోకించబడువాడు ప్రాణములతో ఎదుట నిలిచి వినుచుండెడివాడు. తరువాత తండ్రి దీవించి, పవిత్రజలము చిలుకరించి బయటకు పంపగా, ఊరి జనమంతయు కొంతదూరము, ఒక మలుపువరకో, గుట్టవరకో, వంతెనవరకో వెంట నడచెడిది.

ఇంతటి ఆచారము పుట్టుటకు ఎంత దుఃఖము ప్రోగుపడవలెనో అంకెలు చెప్పగలవు. 1841 జనాభా లెక్కలలో ఐర్లండు ప్రజలు 81 లక్షలకు పైబడియుండిరి. 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు సోకెను. ఆ దుంపయే పేదల యాహారమంతయు. ధాన్యము పండినను అది కౌలు చెల్లించుటకే గాని తినుటకు గాదు. తెగులు మరల మరల వచ్చుటచే, 1852 నాటికి సుమారు పదిలక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. పదిలక్షలకు మించి దేశము విడిచిరి. కరవు తీరిన పిదపయు వలస ఆగకపోవుట ఇంకను గమనింపదగిన విషయము. అంతకుముందు భూమిని కొడుకులందరును పంచుకొనెడివారు. కరవు తరువాత కమతమును చీల్చుట మానివేసి, ఒక్క కుమారునికే పొలమును, ఒక్క కుమార్తెకే కట్నమును ఇచ్చు పద్ధతి స్థిరపడెను. తక్కిన బిడ్డలకు మిగిలినది ఓడ యొక్కటే. ఇతర ఐరోపా దేశములనుండి పురుషులే అధికముగా పోవుచుండగా, ఐర్లండునుండి స్త్రీలు ఇంచుమించు సమానముగా పోయిరి. పదునెనిమిది, ఇరువది ఏండ్ల కన్యలు ఒంటరిగా బోస్టనునకును న్యూయార్కునకును పోయి, పరుల యిండ్లలో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో చెల్లెలికి ఓడటిక్కెట్టు పంపెడివారు. అది అందిన యింట ఇంకొక జాగరణము. పదిమంది సంతానము గల తల్లి తన జీవితకాలమున ఇట్టి రాత్రులు ఎన్ని గడపెనో ఊహింపవచ్చును.

ఈ ఆచారమును గూర్చి కెర్బీ మిల్లర్ అను చరిత్రకారుడు 1985లో ప్రకటించిన బృహద్గ్రంథమున ఒక కఠినమైన అభిప్రాయము వెలిబుచ్చెను. వలసపోవుట చాలమందికి లాభకరమైన స్వేచ్ఛానిర్ణయమే యైనను, దానిని బలవంతపు ప్రవాసముగా చిత్రించుకొనుట ఐరిష్ సమాజమునకు అలవాటయ్యెననియు, ఆ రాత్రి శోకములు పోవువాని మనస్సున అపరాధభావమును నాటి, అమెరికానుండి డబ్బు పంపక తప్పని ఋణబంధమును కల్పించెననియు ఆయన వాదము. నిజమే, క్రిస్మసుకు ముందు డబ్బుతో వచ్చు అమెరికా ఉత్తరముకొరకు ఎదురుచూచుచు, కౌలు బాకీలు తీర్చుకొనిన కుటుంబములు వేలకొలది. అయినను ఆ వాదము పోవువాని వైపునుండి మాత్రమే చూచుచున్నదని నాకు తోచును. పోవువానికి ఒక్క రాత్రియే జాగరణము. మరునాటినుండి అతనికి సముద్రమును, క్రొత్తనగరమును, పనియు ఉన్నవి. ఉండిపోవు తల్లికి ఏమున్నది? ఊరంతయు ఆ రాత్రి ఆమె యింట మేలుకొనియుండుట ఆమెకొరకే యని నా విశ్వాసము.

రేవులలో ప్రసిద్ధమైనది దక్షిణమున కార్క్ నగరపు ఖాతములోనున్న కోవ్. 1849లో విక్టోరియా రాణి అచ్చట అడుగుపెట్టినందున దానికి క్వీన్స్‌టౌన్ అను పేరు వచ్చినది; దేశము స్వతంత్రమగుచున్న కాలమున ప్రజలు ప్రాతపేరే మరల నిలుపుకొనిరి. న్యూయార్కులోని ఎల్లిస్ ద్వీపపు వలసకేంద్రము 1892 జనవరి 1న తెరవబడినప్పుడు అందు మొట్టమొదట పేరు నమోదైన యానీ మూర్ అను బాలిక ఈ రేవునుండియే ఇద్దరు తమ్ములను వెంటబెట్టుకొని బయలుదేరినది. ఇరువది సంవత్సరముల తరువాత, 1912 ఏప్రిల్ 11న, టైటానిక్ ఓడ కడపటిసారి లంగరు వేసినది కూడ ఈ ఖాతముననే. ఆ ఓడ నెక్కినవారిలో మేయో మండలమున నెఫిన్ కొండక్రిందనున్న ఆడర్‌గూల్ అను ఒక్క చర్చి పరిధిలోనివారే పదునలుగురు. పదునొకండుగురు సముద్రము పాలైరి. ముగ్గురు యువతులు బ్రతికిరి. నేటికిని ఏటేట ఏప్రిల్ 15 తెల్లవారుజామున లహర్‌డేన్ గ్రామపు చర్చిలో వారి బంధువులు గంట మ్రోగింతురు. చనిపోయినవారికి పదునొకండు మారులు విషాదముగను, బ్రతికినవారికి మూడుమారులు సంతోషముగను మ్రోగింతురు. మా అత్తవారి యూరు ఆ కొండకు కనుచూపు మేరలోనిదే యగుటచే, నేను ఈ చరిత్రను పుస్తకములకంటె ముందుగా వారి నోటనే వింటిని.

ఐర్లండునుండి కదలిన దారులన్నియు అమెరికాకే పోలేదు. రాస్‌కామన్ మండలములోని బాయిల్ పట్టణమున 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ 1915లో భారతదేశము చేరి, భర్తతోపాటు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఉండెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చినప్పుడు జనగణమన గీతమునకు స్వరలిపి వ్రాసినది ఆమెయే. ఆమె 1954లో మన దేశముననే కన్నుమూసెను. ఎదురుదారిన పోయినవారు వరాహగిరి వేంకటగిరి. 1913లో న్యాయశాస్త్రము చదువుటకై డబ్లినునకు పోయి, అచ్చటి స్వాతంత్ర్యోద్యమమునకు ఆకర్షితులై, 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఆ దేశము విడువవలసివచ్చిన ఆ తెలుగుబిడ్డ కాలక్రమమున మన రాష్ట్రపతి యయ్యెను.

జాగరణము ఎట్లు మాసిపోయెను? 1920లలో అమెరికా తన చట్టములతో వలసకు పరిమితులు పెట్టెను. 1930 ప్రాంతమున ఆర్థికమాంద్యము ఆ ద్వారమును ఇంచుమించు మూసివేసెను. వలస ఇంగ్లండువైపు మరలెను. 1950లలో నాలుగు లక్షలమంది పోగా, 1961 నాటికి స్వతంత్ర ఐర్లండు జనాభా 28 లక్షలకు పడిపోయినది. కాని ఇంగ్లండునకు పోయినవాడు రాత్రి పడవలో క్రిస్మసుకు తిరిగి రాగలడు. తిరిగి రాగలవానికి శోకము పెట్టుట అశుభముగా తోచెను. 1945 తరువాత షానన్ విమానాశ్రయమునుండి అట్లాంటిక్ దాటు విమానములు నడచుటచే అమెరికాయు చేరువయ్యెను. 1986లో మేయో మండలములోని నాక్ గ్రామపు మతగురువు జేమ్స్ హోరన్, ఎందరో పరిహసించినను లెక్కచేయక, బురదకొండపై ఒక విమానాశ్రయమునే సాధించెను. వలసపోయినవారి మండలమునకు వారు మరల వచ్చుటకు దారి యుండవలెనని ఆయన పట్టుదల.

మరి ఆ రాత్రి చేసెడి పనులన్నియు ఏమైపోయెను? మా అత్తగారింట మా తిరుగుప్రయాణమునకు ముందటి దినమును చూచినవారికి సమాధానము దొరకును. ఉదయమునుండి నా భార్యయు నేనును ఇంటింటికి పోయి చెప్పుకొని రావలెను. ఏ యింటను టీ త్రాగక లేవరాదు. మధ్యాహ్నము శ్మశానమునకు పోయి తాతముత్తాతల సమాధులను చూడవలెను. సాయంకాలము పిలువకయే జనము వత్తురు. వంటింటిలో కుర్చీలు చాలవు. పెట్టెను స్నానాలగదిలోని తూకపుయంత్రముమీద నిలబెట్టి, బరువెక్కువైనదని తీసిన టీపొడి పొట్లములను మా మామగారు మరల మెల్లగా లోన దూర్చుదురు. నిద్రకు ముందు అత్తగారు వాకిటి గోడకు తగిలించిన చిన్న గిన్నెలో వ్రేలు ముంచి, కూతురి నుదుటను, నా నుదుటను పవిత్రజలముంచుదురు. మా యింట ప్రయాణమునకు ముందు నాయనమ్మ అక్షతలు వేసి, పెరుగు నోట వేసిన దినములు నాకు తలపునకు వచ్చును. జాగరణమను పేరు అచ్చట నెవ్వరును పలుకరు, కాని దాని అంగములొక్కటియు లోపింపలేదు.

ఒకసారి అట్టి సాయంకాలమున వచ్చినవారిలో పొరుగింటి వృద్ధురాలు ఒకతె యుండెను. బాల్యమున తన యక్కకు చేసిన జాగరణము ఆమె కనులారా చూచినదే. ఫిడేలునో శోకమునో వర్ణించునని నేను ఎదురుచూచితిని. ఆమె కప్పులనుగూర్చి చెప్పెను. ఊరంతటినుండి ఎరువు తెచ్చిన కప్పులను మరునాటి యుదయమున తల్లి కడిగి, ఏ కప్పు ఎవరిదో గుర్తుపట్టి, చిన్నపిల్లయైన తనను వెంటబెట్టుకొని ఇంటింట అప్పగించుటకు బయలుదేరినదట. ప్రతి యింటివారును ఆమెను లోనికి పిలిచి, కూర్చుండబెట్టి, కప్పు పుచ్చుకొనుటకు ముందు ఆమెచేత ఏదేని తినిపించి, మాటలాడించిరట. ఆ పని ముగియుసరికి దీపములు పెట్టు వేళ యైనదట. తాను బుట్ట మోయలేక విసిగి, అన్నియు ఒకచోటనే యిచ్చివేయరాదా యని అడుగగా, తల్లి విననట్లే నడచినదని చెప్పి, ఆ వృద్ధురాలు మా అత్తగారివైపు తిరిగి, రేపు పదకొండు గంటలకు టీకి రావలెననియు, రానిచో తానే వచ్చి తీసికొనిపోవుదుననియు గట్టిగా చెప్పినది.