జీతపు రాళ్ళతో ఇంటి సింగారం – కొంత చరిత్ర

'ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు' మన పెద్దలు. ఆ సామెతలో ఇంటాయన ఊసు లేదు, ఆయన తెచ్చే జీతం ఊసు అంతకన్నా లేదు. గుమాస్తా గారి ఇల్లాలు ఇంటిని ఏ మాత్రం సింగారించగలదన్నది ఒకటో తారీఖు కవరులో ఎంత ఉందన్న దానిమీద ఆధారపడి ఉండేది. బియ్యం, పాలు, పిల్లల ఫీజులు, ఇంటద్దె పోగా మిగిలేది మన సభ్యులందరికీ తెలిసిన సంగతే. అయినప్పటికీ ఆ ఇళ్ళు బోసిగా ఉండేవి కావు. రాజుల మేడల గురించి, దివాణాల గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. అద్దె వాటాలలో, ప్రభుత్వ క్వార్టర్లలో గోడలకు ఏముండేవో, అవి ఎక్కడినుంచి వచ్చాయో ఈ ప్రత్యేక సంచికలో కొంత ముచ్చటించుకుందాం.

ముందుగా పటాల సంగతి. రంగుల దేవుడి పటం సామాన్యుడి గోడ ఎక్కింది అచ్చుయంత్రం పుణ్యమా అని. బంగారు రేకు అద్దిన తంజావూరు పటం కొనాలంటే ఏ జమీందారో, పెద్ద వర్తకుడో అయి ఉండాలి. రాజా రవివర్మ గారు 1894లో బొంబాయిలో జర్మనీ నుంచి యంత్రాలు తెప్పించి ముద్రణాలయం నెలకొల్పారు. అది రాతి అచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో రాతి పలక మీద బొమ్మ దించి, ఒకదానిమీద ఒకటి అద్దేవారు. తామరపూవులో నిలిచిన లక్ష్మి, వీణ పట్టిన సరస్వతి అలా దేశమంతటా వ్యాపించారు. వ్యాపారం మాత్రం ఆయనకు కలిసిరాలేదు. కొన్నేళ్ళకే ఆ ప్రెస్సును ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మివేసి, 1906లో కన్నుమూశారు. బొమ్మలు మిగిలాయి.

ఇక్కడ దక్షిణాది స్త్రీలు చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. కొన్న పటాన్ని కొన్నట్టే తగిలించి ఊరుకోలేదు. చిరిగిన పట్టుచీర జరీ అంచు కత్తిరించి అమ్మవారి చీరకు అంటించారు. మఖమలు గుడ్డ, చెమ్కీలు, పూసలు, ముత్యాల వంటి గాజు గింజలు నగలుగా అతికించి, అప్పుడు అద్దం వేయించి పటం కట్టించారు. అచ్చులో వేల ప్రతులు ఒక్క తీరుగా వచ్చినా ఏ ఇంటి లక్ష్మి ఆ ఇంటిదే. సొంత అభిరుచి అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు.

పటం కొనే స్తోమత కూడా లేనివారికి క్యాలెండరు ఉండేది. శివకాశిలో అగ్గిపెట్టెలకు, బాణాసంచాకు లేబుళ్ళు వేయడానికి పెరిగిన ముద్రణ పరిశ్రమ క్యాలెండర్లకు కూడా పెట్టింది పేరయింది. ఆ చెంతనే కోవిల్‌పట్టిలో ఉండి దేవతల బొమ్మలు వేసిన కొండయ్య రాజు (1898–1976), ఆయన శిష్యుల బొమ్మలు తమ ఇంట్లో ఉన్నాయని ఎందరికో తెలియను కూడా తెలియదు. బట్టల కొట్టువారో, ఎరువుల దుకాణంవారో ఊరికే ఇచ్చిన క్యాలెండరు డిసెంబరు దాటగానే, కింది తారీఖుల భాగం కత్తిరించి ఫ్రేము కట్టించేవారు. బొమ్మ నచ్చకపోతే పిల్లల నోటు పుస్తకాలకు అట్టలయ్యేది. 'యువ', 'చందమామ' పత్రికల ముఖచిత్రాలుగా వడ్డాది పాపయ్య (1921–1992) గారు వేసిన బొమ్మలు కూడా ఇలాగే గోడలెక్కాయి. పత్రిక చందా ఇంటాయన చదువుకోవడానికి కట్టినా, ముఖచిత్రం మీద హక్కు ఇల్లాలిదే.

ఈ పటాలన్నీ పైకప్పు దగ్గర, తాడు కట్టి, కొంచెం ముందుకు వాలేలా వేలాడేవి. నేలమీద చాపలో కూర్చున్నవారు తలెత్తితే కనిపించాలి గదా! కుర్చీలు వచ్చాక పటాలు కిందికి దిగాయి. ఉద్యోగి ఇంట్లో వాటి మధ్యనే బదిలీ నాటి వీడ్కోలు గ్రూపు ఫోటో ఒకటి, తరువాత పదవీ విరమణ నాడు బహూకరించిన గోడ గడియారం ఒకటి.

బదిలీ మాట వచ్చింది గనుక ఒక విషయం. మన ఇళ్ళ అలంకరణ రూపురేఖలను డబ్బు ఎంత నిర్ణయించిందో, బదిలీ ఉత్తర్వులూ అంత నిర్ణయించాయి. మూడేళ్ళకో ఊరు మారే సంసారంలో ట్రంకుపెట్టెలో పట్టనిదీ, లారీలో పగిలేదీ పనికిరాదు. చుట్టగలిగేవి, మడవగలిగేవి, చీర మడతల్లో దాచగలిగేవి నిలిచాయి. ఆ ట్రంకుపెట్టెలే సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువుకు మెట్లయ్యేవి. వాటిమీద తెల్లపంచె పరిస్తే చాలు. తెల్లపొణికి కర్రతో కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రమీద లక్క రంగులతో ఏటికొప్పాక బొమ్మలు మెట్లమీదికి వచ్చేవి. కొండపల్లి బొమ్మకు చేతులు, తలపాగా విడిగా చేసి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతుకుతారు. అందుకే బదిలీల తరువాత దశావతారాల సెట్టులో ఒకరిద్దరికి చేయి ఉండేది కాదు. హైదరాబాదు వైపు ఇళ్ళలో నిర్మల్ బొమ్మలు, నల్లని నేపథ్యం మీద బంగారు వన్నె చిత్రాలు అదే స్థానంలో ఉండేవి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకున్నవి అల్లికలు. బల్లమీది గుడ్డ, రేడియో ముసుగు, దిండు గలేబు అంచు, గుమ్మానికి పూసల తోరణం, ప్లాస్టిక్ వైరు బుట్టలు. క్రోషియా అల్లిక మన దేశంలో పుట్టినది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి తీరాన మిషనరీ కుటుంబాలు నేర్పగా నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో వేలాది స్త్రీల జీవనాధారమై, ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో నరసాపురం లేసు పనివారి గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె గమనించిన ప్రధాన విషయం ఇది: ఆ స్త్రీలు ఇంటి చాకిరీతో పాటు రోజులో చాలా గంటలు అల్లుతున్నా, ఇంట్లో కూర్చుని చేస్తారు గనుక దానిని తీరిక వేళ కాలక్షేపంగానే లెక్కగట్టారు. కూలి కూడా ఆ లెక్కనే ముట్టేది.

కూలికి అల్లినవారి సంగతే అలా ఉంటే, సొంత ఇంటికోసం అల్లినవారిని అడిగేదెవరు? జనాభా లెక్కలలో ఇంటిపని మాత్రమే చేసే గృహిణి 'పని చేయనివారి' పద్దులోకి వస్తుంది. మన సర్వీసు రిజిస్టరులో ఆవిడ పేరు నామినీగా ఉంటుంది. నలభై ఏళ్ళ సర్వీసులో మనం రాసిన ఫైళ్ళు చెదలు తిన్నాయి. ఆవిడ అల్లిన బల్లగుడ్డ ఇంకా ఉతుకుడుకు ఆగుతోంది. (ఈ వాక్యం మా ఆవిడకు వినిపిస్తే, 'ఇప్పటికైనా తెలిసింది' అన్నది.)

టీవీ వచ్చాక ఇంటి కేంద్రం మారింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది, రంగులు 1982లో వచ్చాయి. తలుపుల పెట్టెలో టీవీ, దానిమీద క్రోషియా గుడ్డ, ఆ పైన హార్లిక్స్ సీసాలో మనీప్లాంటు. దేవుడి గూటికి జరిగిన మర్యాదలన్నీ దానికీ జరిగాయి. పలచటి టీవీలు గోడకు అంటుకున్న తరువాత ఆ గుడ్డకు చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు మన సభ్యులలో చాలామంది సొంత ఇళ్ళు అపార్టుమెంట్లకు ఇచ్చి, లేదా పిల్లల దగ్గరకు చేరి, సామాను తగ్గించుకుంటున్నారు. పాత సామానువాడు ఫ్రేముల చెక్కకూ అద్దానికీ వెలకట్టి తీసుకుపోతాడు. పాత రవివర్మ అచ్చుపటాల కోసం సేకరణకర్తలు వెతుకుతున్నారన్నది నిజమే గాని, నేను చెప్పబోయేది ఆ ధర సంగతి కాదు. పటం వెనక అట్టమీద, అల్లిక మడతలో ఒక చీటీమీద, చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. పెన్సిలైతే మేలు, సిరా పాకుతుంది. జ్ఞాపకం ఉన్నవారు ఉండగానే అడిగి రాయాలి.

మా ఇంటి లక్ష్మి పటం వెనక మొన్న మా ఆవిడ రాసింది: 'జరీ ముక్క మా అమ్మ పెళ్ళిచీరది. అంటించింది అమ్మమ్మ. పూసలు నేను, ఎనిమిదో తరగతి సెలవుల్లో.'