చౌక గ్యాడ్జెట్ కొన్నారా? స్టార్ రేటింగ్ నమ్మొద్దు.. రిటర్న్ గడువులోపే ఈ పరీక్షలు చేసేయండి

రూ.500కే 1 టీబీ మెమరీ కార్డు. రూ.700కే 50,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. రూ.1,500కే ‘4కే’ కెమెరా డ్రోన్. ఫోన్‌లో వీడియో చూస్తుంటే మధ్యలో ఇలాంటి యాడ్స్ వస్తూనే ఉంటాయి. పైగా నాలుగున్నర స్టార్ల రేటింగ్. పోతే ఐదొందలే కదా అని చాలామంది ఆర్డర్ పెట్టేస్తుంటారు. కానీ నష్టం ఆ ఐదొందలతో ఆగదు. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు తెరుచుకోకుండా పోయాక గానీ అసలు సంగతి అర్థం కాదు. అప్పటికి రిటర్న్ గడువు కాస్తా అయిపోయి ఉంటుంది.

స్టార్లు ఎందుకు నమ్మలేం?

రివ్యూల్లో చాలావరకు పార్సిల్ వచ్చిన రోజో, మర్నాడో రాసినవే. ‘ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది, పనిచేస్తోంది’ అని ఐదు స్టార్లు ఇచ్చేస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజుకు అది నిజంగానే పనిచేస్తుంది. నకిలీ మెమరీ కార్డు, డొల్ల పవర్ బ్యాంక్ లాంటివి బయటపడేది వాడగా వాడగానే. అందుకే ఒకటి, రెండు, మూడు స్టార్ల రివ్యూలు ముందు చదవాలి. ‘నెల తర్వాత’, ‘రెండు నెలలు వాడాక’ అని మొదలయ్యేవి, ఫొటోలు పెట్టినవి ఎక్కువ ఉపయోగం. కొన్నిచోట్ల వేరే వస్తువుకు వచ్చిన పాత రివ్యూలు కూడా అదే పేజీలో కనిపిస్తాయి. ఛార్జర్ పేజీలో ‘కవర్ రంగు బాగుంది’ అని ఉంటే అనుమానించాల్సిందే.

మెమరీ కార్డు: నింపి చూస్తేనే నిజం

నకిలీ కార్డులో అసలు మెమరీ 16 లేదా 32 జీబీయే ఉండొచ్చు. లోపలి కంట్రోలర్ చిప్ మాత్రం ఫోన్‌కు 1 టీబీ అని చెబుతుంది. అసలు జాగా నిండాక కాపీ చేసిన ఫైళ్లు ఎక్కడా సేవ్ కావు. లేదా పాత వాటి మీదే పడి వాటిని చెరిపేస్తాయి. లిస్టులో పేర్లు, సైజులు కనిపిస్తూనే ఉంటాయి. తెరిస్తే రావు.

కంప్యూటర్ ఉంటే పరీక్ష తేలికే. విండోస్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’, లినక్స్, మ్యాక్‌లలో ‘ఎఫ్3’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఇవి కార్డును పూర్తిగా నింపి, రాసింది రాసినట్టు తిరిగి వస్తోందో లేదో చూస్తాయి. 64 జీబీ కార్డుకు ఒకట్రెండు గంటలు పట్టొచ్చు. కంప్యూటర్ లేకపోతే పెద్ద వీడియోలతో కార్డు నింపి, ఒకసారి బయటకు తీసి మళ్లీ పెట్టి, మొదటి ఫైళ్లు, చివరి ఫైళ్లు ప్లే చేసి చూడాలి. ఈ పరీక్ష అయ్యేదాకా అసలు ఫొటోలు ఆ కార్డులోకి మార్చొద్దు. పెన్‌డ్రైవ్‌లకూ ఇదే పద్ధతి.

పవర్ బ్యాంక్: అంకె కాదు, తూకం చూడండి

ముందుగా ఓ అపోహ. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్ నాలుగుసార్లు నిండాలి కదా అని లెక్కేస్తారు. నిండదు. ఆ 20,000 అనేది లోపలి సెల్ లెక్క, అంటే 3.7 వోల్టుల దగ్గర. బయటికి 5 వోల్టులుగా మారేసరికి 14,800కు తగ్గుతుంది. వేడి రూపంలో పోయేది తీసేస్తే సుమారు 12,000-13,000 మిగులుతుంది. మంచి కంపెనీలు దీన్ని ‘రేటెడ్ కెపాసిటీ’ అని విడిగా ముద్రిస్తాయి. కాబట్టి రెండున్నర సార్లు నిండితే అది మోసం కాదు.

మోసం ఎక్కడో తూకం చెబుతుంది. గుండ్రంగా ఉండే 18650 రకం సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు ఉంటుంది, అందులో పట్టేది గరిష్ఠంగా 3,500 ఎంఏహెచ్ దాకా. ఈ లెక్కన 20,000కు కనీసం ఆరు సెల్స్, అంటే సెల్స్ బరువే 270 గ్రాములు. 50,000 అయితే దాదాపు 700 గ్రాములు ఉండాలి. చేతిలో 250 గ్రాములే ఉంటే డబ్బా మీద అంకెను నమ్మక్కర్లేదు. కిరాణా కొట్టు కాటా మీద పెట్టినా తేలిపోతుంది.

ఇక్కడ డబ్బు ఒక్కటే కాదు, నిప్పుతో వ్యవహారం. ఉబ్బినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే వాడకం ఆపాలి. దిండు కింద పెట్టి ఛార్జింగ్ అసలే వద్దు. పవర్ బ్యాంకులు, మొబైల్ ఛార్జర్లకు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద ‘ఆర్’ అక్షరం, పక్కన ఎనిమిది అంకెల నంబర్ ఉండాలి. దాన్ని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు, బ్రాండ్ వివరాలు వస్తాయి. యాప్‌లో ఒక బ్రాండ్, డబ్బా మీద మరో బ్రాండ్ ఉంటే వెనక్కి పంపేయడమే మంచిది.

డ్రోన్, ఆర్డుయినో, మల్టీమీటర్ కొనేవాళ్లు..

టాయ్ డ్రోన్ల మీద ‘4కే’ అని ఉన్నా, చాలావాటిలో చిన్న కెమెరా తీసిన బొమ్మనే సాగదీసి పెద్దది చేస్తారు. జీపీఎస్ లేనివి గాలికి కొట్టుకుపోతాయి. అందుకే మొదట గదిలో ఎగరేసి చూడాలి. విదేశీ సైట్ల నుంచి తెప్పించుకుందాం అనుకునేవాళ్లకు మరో సంగతి. 2022 ఫిబ్రవరి 9 నుంచి పూర్తి డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. విడిభాగాలకు మాత్రం వర్తించదు.

ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం కొనే ఆర్డుయినో క్లోన్ బోర్డుల కథ దీనికి రివర్స్. బోర్డు కంప్యూటర్‌లో కనిపించకపోతే పాడైందని రిటర్న్ పెట్టేస్తారు. తీరా చూస్తే సీహెచ్340 చిప్ డ్రైవర్ వేయకపోవడమో, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ వాడటమో కారణం అవుతుంది. ఆర్డుయినో డిజైన్ ఓపెన్ సోర్స్ కాబట్టి క్లోన్ తయారీ తప్పు కాదు. అసలు కంపెనీ పేరు, లోగో వేసి అమ్మితే మాత్రం నకిలీయే.

చౌక మల్టీమీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రం పక్కన ‘అన్‌ఫ్యూజ్డ్’ అని ఉందేమో చూసుకోండి. ఫ్యూజ్ ఉండదని దానర్థం. ప్రోబ్ ఆ రంధ్రంలో ఉంచి ఇంటి కరెంటు ప్లగ్‌లో పెడితే ప్రాణానికే ప్రమాదం.

‘నో రిటర్న్’ అంటే?

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయాలి. అడ్రస్ లేబుల్, సీల్ కనిపించాలి. మధ్యలో ఆపకూడదు. ఆర్డర్ పేజీలోని వస్తువు వివరణను కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు.

‘నో రిటర్న్’ అని రాసి ఉన్నా ఆశ వదులుకోవద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్నవి, నకిలీవి, ప్రకటనలో చెప్పినట్టు లేనివి వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అని అమ్మకందారు అనడానికి వీల్లేదు. వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు. అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే వేసే హక్కు ఉంది. వస్తువుకు కట్టిన డబ్బు రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు

వస్తువు బాగోలేదన్న కంగారులో నంబర్ కోసం గూగుల్ చేస్తే సైబర్ దొంగల చేతికి చిక్కే ప్రమాదం ఉంది. కొన్న యాప్‌లోని ‘హెల్ప్’ నుంచే సంప్రదించాలి. రిఫండ్ రావడానికి ఓటీపీ, యూపీఐ పిన్, స్క్రీన్ షేరింగ్ యాప్ ఏవీ అక్కర్లేదు. అవి అడిగారంటే ఫోన్ పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.