కూలెంట్‌లో నీళ్లు కలిపిన కారుతో చలి ప్రాంతానికి వెళితే ఏమవుతుంది?

రాజమండ్రిలోనో భీమవరంలోనో చలికి ఇంజిన్ పగిలిందంటే ఎవరూ నమ్మరు. జనవరిలో కూడా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల కిందికి దిగదు. అందుకే రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే బోరు నీళ్లో, కుళాయి నీళ్లో పోసి బండి తీసేయడం గోదావరి జిల్లాల్లో పాత అలవాటు. అంబాసిడర్ల రోజుల్లో అది చెల్లింది. ఆ అలవాటు ఉన్న కారే చలికాలంలో మనాలికో, శ్రీనగర్‌కో, లేహ్‌కో వెళితే మాత్రం ఒక్క రాత్రిలో ఇంజిన్ పోయే ప్రమాదం ఉంది.

నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇంజిన్ బ్లాకులో సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారులుంటాయి. అక్కడ మంచు కడితే పెరిగే చోటు ఉండదు. పోత ఇనుము సాగదు, పగులుతుంది. బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్లలు కొన్ని బిగించి ఉంటాయి. అదృష్టం బాగుంటే ముందు అవి ఊడి, బ్లాకు బతుకుతుంది. ఆ బిళ్లలు అందుకోసమే పెట్టారని చాలామంది అనుకుంటారు గానీ, అవి నిజానికి పోత పోసేటప్పుడు మిగిలే రంధ్రాలు మూసే మూతలు. వాటిని నమ్ముకోవడానికి లేదు.

దీన్ని ఆపేది ఇథిలీన్ గ్లైకాల్. మనవైపు కూలెంట్ అనే పేరుతో అమ్మేది, చలిదేశాల్లో యాంటీఫ్రీజ్ అనేది దాదాపు ఒకటే. సగం గ్లైకాల్, సగం శుద్ధమైన నీళ్లు కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకుంటే పొరపాటే. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, కారులో కూలెంట్ ఉందని యజమాని అనుకుంటాడు, తీరా చూస్తే ఉన్నది నీళ్లే. ఒక కారులో సగం సగం మిశ్రమం 6 లీటర్లు ఉందనుకుందాం. ఎక్కడో కారి 2 లీటర్లు పోయింది, నీళ్లు పోశారు. గ్లైకాల్ 33 శాతానికి వచ్చింది. ఇంకోసారి అలాగే జరిగితే 22 శాతం. అప్పుడు అది కాచేది సుమారు మైనస్ 10 డిగ్రీల వరకే. లేహ్‌లో చలికాలం రాత్రులు అంతకంటే కిందికి పోవడం మామూలే. రంగు మాత్రం ఇంకా పచ్చగానో ఎర్రగానో కనిపిస్తూనే ఉంటుంది. రంగు చూసి ఎవరూ నమ్మొద్దు. మిశ్రమంలో గ్లైకాల్ ఎంతుందో చూసే చిన్న సాధనాలు దొరుకుతాయి. పెద్ద షెడ్డులో అడిగితే నిమిషంలో చూసి చెబుతారు.

మంచు రాత్రి తెల్లారాక బండి కదలకపోతే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకూడదు. నీళ్ల పంపు మంచులో ఇరుక్కుని ఉంటే బెల్టు కీచుమంటుంది, తెగినా తెగుతుంది. ఒకవేళ స్టార్టయినా నీళ్లు తిరగవు కాబట్టి, బయట మంచు ఉన్నా లోపల ఇంజిన్ కాలిపోతుంది. నిప్పు పెట్టి వేడి చేయడం, మరిగే నీళ్లు పోయడం రెండూ తప్పే. కప్పున్న చోటికి తోయించి, దానంతట అదే కరిగేదాకా ఆగాలి. కరిగాక కింద ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు లోపలికి దిగినట్టే. అలాంటి బండిని స్టార్ట్ చేయకుండా లాగించుకుని వెళ్లడమే మేలు. ఆయిల్ బాగుంటే రేడియేటర్‌కు గాలి ఒత్తిడి పెట్టి పరీక్ష చేయించాలి. సన్నని పగులు చల్లగా ఉన్నప్పుడు కనిపించదు. వేడెక్కాక ఆగకుండా తెల్ల పొగ వస్తున్నా, నీళ్లు మాటిమాటికీ తగ్గుతున్నా హెడ్ గ్యాస్కెట్టో, హెడ్డో పోయిందని అనుమానించాలి.

చలి ఊరికి వెళ్లని వాళ్లకూ ఇందులో పని ఉంది. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రం దగ్గరి ఊళ్లలో భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. ఇప్పటి కార్లలో హెడ్, రేడియేటర్ ఎక్కువగా అల్యూమినియం. ఉప్పు నీళ్లు దాన్ని తినేస్తాయి, సున్నం పేరుకుని సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. మేలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే రోజుల్లో ఆ బండే రోడ్డు మీద ఆవిరి కక్కుతుంది. కూలెంట్ మిశ్రమం నీళ్లకంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది, తుప్పునూ ఆపుతుంది. తుప్పు ఆపే మందుల బలం కాలంతో తగ్గుతుంది కాబట్టి కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి. కలపడానికి బ్యాటరీలో పోసే శుద్ధ జలం వాడాలి. వేడి మీద మూత తీయకూడదు.

తీసేసిన పాత కూలెంట్‌ను కాలవలోకి వదలొద్దు. దాని రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు తాగే ప్రమాదమూ ఉంది. కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు దెబ్బతింటాయి. ఎవరైనా తాగారని తెలిస్తే బాగానే ఉన్నట్టు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డబ్బా కూడా వెంట పట్టుకెళ్లాలి.