హైదరాబాద్‌లో క్రీడా దౌత్యం

తెగిపోయిన రాకపోకలను మళ్లీ కలపడానికి దేశాలు అంతర్జాతీయ పోటీలను వాడుకోవడాన్ని క్రీడా దౌత్యం అంటారు. 1971లో అమెరికా టేబుల్ టెన్నిస్ జట్టు చైనా వెళ్లి రావడం దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. తెలుగునాట ఈ చరిత్ర హైదరాబాద్‌లో నాలుగేళ్ల తేడాతో జరిగిన రెండు పోటీల చుట్టూ తిరుగుతుంది.

మొదటిది ఆఫ్రో-ఆసియా క్రీడలు. రెండు ఖండాల స్నేహం కోసమని 1980ల నుంచీ అనుకుంటూ, అనుకుంటూ, చివరికి 2001 నవంబరులో ఢిల్లీలో ముహూర్తం పెట్టారు. ఈలోగా సెప్టెంబరు 11 దాడులు, ఆ వెంటే అఫ్గానిస్తాన్ యుద్ధం. స్నేహపు ఆటలను యుద్ధమే వాయిదా వేయించింది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియాలు సిద్ధంగా ఉండటంతో అవకాశం హైదరాబాద్‌కు వచ్చింది. రాష్ట్రంలోనూ మొదలు ప్రశాంతంగా లేదు. 2003 అక్టోబరు 1న తిరుపతిలోని అలిపిరి వద్ద అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడిపై మందుపాతర దాడి జరిగింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. అక్టోబరు 24న గచ్చిబౌలిలో క్రీడలు మొదలయ్యాయి.

అసలు విశేషం ఢిల్లీలో ఉంది. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తరువాత భారత్, పాకిస్తాన్ సైన్యాలు నెలల తరబడి సరిహద్దులో ఎదురెదురుగా నిలిచాయి. హైదరాబాద్ ఆటలకు సరిగ్గా రెండు రోజుల ముందు, అక్టోబరు 22న, విదేశాంగ మంత్రి యశ్వంత్ సిన్హా పాకిస్తాన్ ముందు 12 ప్రతిపాదనలు పెట్టారు. క్రికెట్‌తో సహా ఇరుదేశాల ఆటలను తిరిగి మొదలుపెట్టడం వాటిలో ఒకటి. అలా, రాజకీయం తలుపు ఓరగా తీసిన వారంలోనే పాకిస్తాన్ హాకీ జట్టు హైదరాబాద్‌లో ఆడింది. ఫైనల్లో భారత్ 3-1తో గెలిచింది. పదహారేళ్ల సానియా మీర్జా నాలుగు స్వర్ణాలు గెలిచిందీ ఈ పోటీల్లోనే. నవంబరు చివర నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ, 2004 మార్చిలో భారత క్రికెట్ జట్టు పాకిస్తాన్ పర్యటన వరుసగా వచ్చాయి. హాకీ వల్లే ఇవన్నీ జరిగాయనడం అతిశయోక్తి. ఆట రాజకీయం వెనకే నడిచింది. వచ్చిన జట్టుకు ఆడే చోటు ఇవ్వడం ఊరి వంతు.

రెండోది 2007 అక్టోబరు 14 నుంచి 21 వరకు జరిగిన నాలుగో ప్రపంచ సైనిక క్రీడలు. వీటిని నడిపే అంతర్జాతీయ సైనిక క్రీడా మండలి 1948 ఫిబ్రవరిలో, రెండో ప్రపంచ యుద్ధపు గాయాలు పచ్చిగా ఉండగానే, ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టింది. ఆటల ద్వారా స్నేహం దాని నినాదం. ఈ మండలికే ప్రత్యేకమైన సైనిక పెంటాథ్లాన్‌లో తుపాకీ కాల్చడం, అడ్డంకుల పరుగు, అడ్డంకుల ఈత, ఎనిమిది కిలోమీటర్ల పరుగుతో పాటు ఉత్తుత్తి గ్రెనేడ్ విసరడమూ ఉంటుంది. స్నేహం కోసం గ్రెనేడ్లా అని నవ్వొచ్చు గానీ, వచ్చేది సిపాయిలు కదా! పోటీలకు ఏడు వారాల ముందు, ఆగస్టు 25న, నగరంలోని లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అయినా క్రీడలు ఆగలేదు.

ఆటా సైన్యమూ పక్కపక్కనే కనిపించే చోటు హైదరాబాద్ దగ్గర మరొకటి ఉంది. నగరానికి ఉత్తరాన శామీర్‌పేట వెళ్లే రాజీవ్ రహదారిపై హకీంపేటలో ఉన్నది క్రీడా పాఠశాల. 1993లో పెట్టిన ఈ బడిలో నాలుగో తరగతి సీటు కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు నిలబడి గాల్లోకి ఎగురుతారు, మెడిసిన్ బాల్ విసురుతారు, 800 మీటర్లు పరిగెడతారు. అదే హకీంపేటలో వైమానిక దళ శిక్షణ కేంద్రమూ ఉంది. యుద్ధానికీ ఆటకూ శిక్షణ ఒకే ఊళ్లో.

రాజకీయం ఓరగా తీసిన తలుపు మళ్లీ మూసుకుంది. 2008 నవంబరు ముంబయి దాడుల తరువాత భారత క్రికెట్ జట్టు పాకిస్తాన్ పర్యటన రద్దయింది. ఆఫ్రో-ఆసియా క్రీడలు రెండోసారి అల్జీర్స్‌లో జరగాల్సింది, జరగలేదు.