రేడియో సెట్టు నుంచి కారు యాంప్లిఫయర్ దాకా: మన కోవిల్‌పట్టి, విరుదునగర్ వైర్ల కథ



కొత్త కారు ఇంటికొచ్చిన వారం లోపలే మన పిల్లలు ఒక మాట అంటున్నారు: "పాట బాగానే ఉంది గాని బేస్ లేదు, ఆంప్ పెట్టించాలి." ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే, "కొత్త బండి వైర్లు కోయించొద్దురా, గ్యారంటీ పోతుంది" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఈ వాదన మనకు కొత్తదీ కాదు. బండికి కంపెనీ ఇచ్చిన శబ్దం చాలక ఇంకో పెట్టె తగిలించుకునే అలవాటు మన ప్రాంతంలో తరాలుగా ఉంది. దాని చరిత్ర తెలిస్తే ఇప్పుడు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

మైకు రాకముందు మన ఊళ్లలో దూరం వినిపించే వాద్యం నాదస్వరం. పెళ్లి ఊరేగింపు పక్క వీధిలో ఉండగానే ఏ రాగం నడుస్తోందో ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్లు. కోవిల్‌పట్టిలో స్థిరపడిన కారుకుఱిచ్చి అరుణాచలం గారి గురించి మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై' సినిమాలో ఎస్. జానకి గారి గొంతుతో పోటీగా సాగిన నాదస్వరం ఆయనదే. 1964లో ఆయన కన్నుమూశారు. అప్పటికే పెళ్లిపందిట్లో నాదస్వరం పక్కన మైకు నిలబడి ఉండేది. గాలికి ఊదే వాద్యం నుంచి కరెంటుతో పెరిగే శబ్దానికి మన ఊళ్లు మారింది ఆ కాలంలోనే.

మన దేశంలో లౌడ్‌స్పీకర్ జనానికి బాగా తెలిసింది కాంగ్రెస్ సభల వల్ల. బొంబాయికి చెందిన మోత్వానీల చికాగో రేడియో సంస్థ 1930ల నాటి సభలకు మైకులు సమకూర్చింది. 1940లో ఢిల్లీలో అహూజా సంస్థ మొదలైంది. తరవాత ఆ పేరున్న యాంప్లిఫయర్ లేని మైకు అంగడి దొరకడం కష్టమైంది. మన వైపు జనం దీన్ని మైక్ సెట్ అన్నారు, రేడియో సెట్ అనీ అన్నారు. గుడి కొడ అయినా, చెవులు కుట్టే వేడుక అయినా, పెద్దమనిషి అయిన వేడుక అయినా ముందు రేడియో సెట్ వాళ్లకు బయానా ఇవ్వాల్సిందే.

ఆ సెట్టు కారెక్కింది ఎన్నికలతో. అంబాసడర్ మీద రెండు గొట్టం స్పీకర్లు ముందుకొకటి, వెనక్కొకటి కట్టి ఊరూరా తిరిగేవాళ్లు. 1967లో విరుదునగర్‌లో కామరాజర్ లాంటి మహానాయకుణ్ణి విద్యార్థి నాయకుడు పి. శ్రీనివాసన్ ఓడించిన ఎన్నిక మన పెద్దలకు బాగా గుర్తు. ఆ రోజుల్లో ప్రచారమంటే గోడ రాత, సభ, కారు మీద గొట్టం.

గొట్టమే ఎందుకు? బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు కొంచెం. గొట్టం స్పీకర్ మాత్రం ఆ కొంచెంతోనే మామూలు స్పీకర్ కంటే పదుల రెట్లు శబ్దం చేస్తుంది. బేస్ ఉండదు గాని మాట పొలం చివరిదాకా పోతుంది. పైగా పాత వాల్వు యాంప్లిఫయర్‌కు వందల వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది ఆరో పన్నెండో. దాన్ని పెంచడానికి వైబ్రేటరో, తిరిగే కన్వర్టరో పెట్టుకునేవాళ్లు. బ్రిటిష్ వంశపు పాత కార్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవాళ్లు. అది చూసుకోకుండా తగిలిస్తే సెట్టు పోయినట్టే. కాబట్టి రేడియో సెట్ మనిషి ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ చూసేవాడు, ఆ తరవాతే వైరు ముట్టుకునేవాడు. ఈ క్రమం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కారు లోపలి పాటది వేరే దారి. అమెరికాలో గాల్విన్ కంపెనీ 1930లో కారు రేడియో తెచ్చి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది, 1963లో ఫిలిప్స్ క్యాసెట్ వచ్చింది. మన దాకా ఇవి చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా మనకు తెలుగు పాట కావాలంటే సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి కార్యక్రమమే గతి. 1978లో 'మరోచరిత్ర' తమిళనాడులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఆడింది. క్యాసెట్ వచ్చాక మనకు ఒక స్వేచ్ఛ దొరికింది. రికార్డింగ్ అంగడికి చీటీ రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో మనం అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన మన పిల్లలకు కారు ప్రయాణంలో చెవిన పడిన ఆ పాటలే తెలుగు పాఠం. కారులో పాట మనకు ఉత్త సరదా ఎప్పుడూ కాదు.

1983లో మారుతి 800 వచ్చింది. డ్యాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు కంత. ఏ కంపెనీ స్టీరియో అయినా అందులో పడుతుంది. దాని కింద వరసగా మీటలున్న ఈక్వలైజర్ బూస్టర్ ఒకటి. మనవాళ్లు తగిలించుకున్న మొదటి కారు యాంప్లిఫయర్ నిజానికి ఆ బూస్టరే. 1990ల్లో స్టీరియో వెనక వైర్లకు ఐఎస్ఓ కప్లర్ ప్రమాణం వచ్చింది. కరెంటుకు ఒక కప్లర్, స్పీకర్లకు ఒకటి. 1990ల చివర్లో మినీ బస్సులు వచ్చాక పాట బాగున్న బస్సు కోసం ఉన్న బస్సును వదిలేసి నిలబడిన కుర్రాళ్లు మనలోనే ఉన్నారు.

ఇక్కడ ఒక సాంకేతిక మార్పు జరిగింది. పాత మెకానిక్‌లను ఎక్కువగా దెబ్బతీసింది అదే. పాత స్టీరియోలలో చాలావాటికి స్పీకర్ వైరు ఒకటి బాడీకి కలిసేది. ఒక వైరు మిగులుతుందని మెకానిక్‌లకు అదే అలవాటు. కాని లెక్క చూడండి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు బండిలో ఉండేది సుమారు 14.4 వోల్టులు. ఆ పద్ధతిలో 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఎంత పిండినా ఆరున్నర వాట్లు దాటవు. అందుకని కొత్త స్టీరియోలు బ్రిడ్జ్ పద్ధతికి మారాయి. స్పీకర్ రెండు వైర్లనూ రెండు చిన్న యాంప్లిఫయర్లు ఎదురెదురుగా నడుపుతాయి. వోల్టేజి రెట్టింపు, వాట్లు నాలుగు రెట్లు, అంటే 26. ఇందులో స్పీకర్ వైరు దేన్నీ బాడీకి తాకించకూడదు. తాకితే లోపలి చిప్ కాలిపోవచ్చు. పాత అలవాటు కొత్త సెట్టును చంపింది ఇలాగే.

ఇంకో సంగతి. అట్టపెట్టె మీద "50 వాట్ల చొప్పున నాలుగు" అని ఉన్నా, శుభ్రంగా వచ్చేది ఒక్కోదానికి 20 వాట్ల దరిదాపు. పిల్లలు బేస్ లేదనడంలో నిజం ఇదే. బయటి యాంప్లిఫయర్ ముందు బ్యాటరీ వోల్టేజిని లోపలే పెంచుకుంటుంది. ఉదాహరణకు అటు 30, ఇటు 30 వోల్టులు చేసుకుంటే అదే స్పీకర్‌కు వంద వాట్లు దాటించవచ్చు. వాల్వుల కాలంలో వైబ్రేటర్ చేసిన పనే ఇది, రూపం మారింది అంతే.

పెద్దల భయంలో నిజం ఎక్కడుంది? ఇప్పటి కార్లలో స్టీరియో విడిగా లేదు. తెర, వెనక కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. తీసేయడానికి లేదు, వైరు కోస్తే కంపెనీ ముఖం తిప్పుకుంటుంది. దీనికి దారి ఉంది. స్టీరియో వెనక కప్లర్‌కూ బండి కప్లర్‌కూ మధ్య ఇంకో కప్లర్ దూర్చి, స్పీకర్ వైర్ల నుంచే పాటను యాంప్లిఫయర్‌కు తీసుకోవచ్చు. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ అయితే నేరుగా తీసుకుంటుంది, లేకపోతే మధ్యలో చిన్న కన్వర్టర్ కావాలి. ఒక్క వైరూ తెగదు. రేపు బండి అమ్మేటప్పుడు పీకేస్తే బండి ఎప్పటిలాగే ఉంటుంది.

కరెంటు మాత్రం స్టీరియో వైరు నుంచి తీసుకోకూడదు. దాని ఫ్యూజు 10, 15 ఆంపియర్లది. మూడు వందల వాట్ల యాంప్లిఫయర్ జోరు మీద 40 ఆంపియర్ల దాకా లాగగలదు. బ్యాటరీ నుంచే విడిగా మందమైన రాగి వైరు వేయాలి. రాగి పూసిన అల్యూమినియం వైరు చవకే గాని అదే లావులో తక్కువ కరెంటు మోస్తుంది, వేడెక్కుతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు రెండు జానల దూరంలోనే ఉండాలి. ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, వైరును. వైరు ఇంజన్ నుంచి లోపలికి వచ్చే రేకు కంతలో రబ్బరు బుష్ లేకపోతే రేకు అంచు దాన్ని కోస్తుంది. ఫ్యూజు కూడా లేకపోతే మిగిలేది నిప్పు.

ఈ మాట ఏ ఊరివాళ్లకైనా చెప్పాలి, మనకు రెండుసార్లు చెప్పాలి. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి, విరుదునగర్ అంటే అగ్గిపెట్టె, బాణసంచా బతుకులు. మన ఇళ్లలో చాలామంది బండ్లలో ఎప్పుడో ఒకప్పుడు అగ్గిపెట్టెల కట్టలు ఎక్కుతాయి. పుల్ల తలలోని పొటాషియం క్లోరేటుకు చిన్న నిప్పురవ్వ చాలు. ఐదు వందల రూపాయలు మిగిలాయని ఫ్యూజు లేని వైరు వేయించుకునే ఊరు కాదు మనది.

చట్టం కూడా ఒకటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దన్న ఆంక్షను 2005లో సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టింది. కారు లోపల వినడానికి యాంప్లిఫయర్ పెట్టుకుందాం, వీధి కోసం కాదు.

చివరిగా ఒక మనవి. మనవాళ్ల వలస కథను ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు 'గోపల్లగ్రామం'లో రాశారు కాబట్టి నిలిచింది. రేడియో సెట్టు వేసిన చేతుల కథ మనమే రాసుకోవాలి. మీ ఊళ్లో మొదటి మైక్ సెట్టు ఎవరిది? ఏ పెళ్లికి వచ్చింది? పాత యాంప్లిఫయర్, గొట్టం, రశీదు పుస్తకం, ఫోటో ఏది ఉన్నా పాత సామాన్లవాడికి వేయకండి. సంఘం ఆఫీసుకు తెండి, లేదా ఇక్కడే కింద రాయండి. ఆ పనిచేసిన పెద్దలు ఇంకా ఉంటే ఒక సాయంత్రం మీ పిల్లవాణ్ణి వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ముందు బ్యాటరీ చూసి, తరవాత వైరు ముట్టుకునే ఆ క్రమం ఇప్పటి కొత్త కారుకూ అంతే పనికొస్తుంది.