తల్లి పేరుకు గడి లేదు

‘జిల్లా: బళ్లారి’. డర్బన్‌లోనో మారిషస్‌లోనో పుట్టి, తమ ముత్తవ్వ వలస కాగితం వెతుక్కున్నవాళ్లకు ఈ మాట కనబడితే సగం పని అయిపోయినట్టే ఉంటుంది. నిజానికి చిక్కంతా అక్కడే మొదలవుతుంది. బళ్లారి అన్న పేరు నిలిచిందిగానీ దాని కింది నేల నిలవలేదు.

ముందు కాగితం ఏ ఏటిదో చూడాలి. 1882కు ముందుదైతే ఆనాటి బళ్లారిలో గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కూడా ఉన్నాయి. అనంతపురం జిల్లా విడిపోయింది ఆ ఏడాదే. ఆ తర్వాతిదైనా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారివే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ మూడూ ఆంధ్రలోకి వెళ్లాయి, మిగిలిన తాలూకాలు మైసూరుకు వచ్చాయి. ఊరు హోసపేట వైపుదైతే 2021 నుంచి అది విజయనగర జిల్లా. ఇంత దూరం వచ్చి ఆరా తీసినవాళ్లకు ‘ఆ ఊరు మాది కాదండీ’ అన్న జవాబు వస్తే తప్పు చెప్పినవాళ్లదీ కాదు, అడిగినవాళ్లదీ కాదు.

దక్షిణాఫ్రికాలోని నాటాల్ తోటలకు ఒప్పంద కూలీలను తీసుకెళ్లిన మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి 342 మందితో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగేనాటికి నాటాల్‌కు వెళ్లినవాళ్లు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. తెలుగువాళ్లలో విశాఖ, ఉత్తర ఆర్కాటు వైపువాళ్లదే పెద్ద సంఖ్య, మా బళ్లారి వైపు మెట్టసీమవాళ్లు తక్కువ. అయితే 1876లో ధాత కరువు వచ్చిపడింది. మద్రాసు రాజధానిలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. అప్పటికే మద్రాసు–రాయచూరు రైలు మార్గం పూర్తయి అయిదేళ్లయింది. గంజి కేంద్రాల చుట్టూ తిరిగే జనానికి కూలీలను కూడగట్టే మేస్త్రీ మాటా, రైలూ రెండూ అందుబాటులో ఉన్నాయి.

తోటల దొరలకు కావలసింది మగ కూలీలే. ఆడవాళ్లూ ఉండి తీరాలన్నది సర్కారు పెట్టిన షరతు. ఫిజీ ఓడల్లో వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్నారు, నాటాల్‌కూ అలాంటి నియమమే ఉండేది. ఆ లెక్క నింపడానికి ఏజెంట్లు నానా తంటాలు పడేవారు. భర్త పోయినవాళ్లు, ఇంట్లోంచి గెంటేసినవాళ్లు, కరువులో అందరినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలినవాళ్లు చాలామంది అలా ఓడెక్కారు. నాటాల్‌లో వీళ్లకు ఇచ్చిన కూలి మగవాడి కూలిలో సగం.

ఆడవాళ్లను సముద్రం దాటించిన కథ కెనడాకూ ఉంది, కాకపోతే అక్కడి ఉద్దేశం వేరు. 1663 నుంచి 1673 దాకా ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దాదాపు 770 మంది యువతులను ఖజానా ఖర్చుతో క్యూబెక్‌కు పంపాడు, కాపురాలు పెట్టి వలసను నిలబెట్టడానికి. ‘రాజు కూతుళ్లు’ అని వాళ్లకు పేరు. పెళ్లినాడు చర్చి దస్తావేజులో వధువు తల్లి పేరూ, తండ్రి పేరూ రాశారు. పెళ్లయ్యాక కూడా ఆమెను పుట్టింటి పేరుతోనే నమోదు చేశారు. ఇవాళ అక్కడి ఫ్రెంచి సంతతివాళ్లు అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ అనుకుంటూ మూడున్నర శతాబ్దాలు వెనక్కి నడిచి, ఫ్రాన్స్‌లో ఆమె పుట్టిన ఊరిదాకా వెళ్లగలుగుతున్నారు. ఆ దస్తావేజులన్నిటినీ మాంట్రియల్ విశ్వవిద్యాలయం కంప్యూటరుకు ఎక్కించి పెట్టింది.

మన ముత్తవ్వ కాగితంలో ఆమె పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఎత్తు, ఒంటి మీద మచ్చలు ఉంటాయి. మోచేతి మీది గాటును కూడా రాసుకున్న గుమాస్తాకు తల్లి పేరు అక్కరలేకపోయింది, దానికి గడే లేదు. ఇంటిపేరు సంగతీ అంతే. కులం గడిలోని నాయుడు, రెడ్డి, చెట్టి మునిమనవల నాటికి ఇంటిపేర్లై కూర్చున్నాయి. పెళ్లి కాగితమైనా ఆదుకుంటుందా అంటే, దక్షిణాఫ్రికాలో మన పద్ధతిలో జరిగిన పెళ్లిళ్లకు విలువే అంతంతమాత్రం. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లి చెల్లదని 1913లో కేప్ కోర్టు తీర్పు చెప్పింది. దానిమీద ఆడవాళ్లు కూడా సత్యాగ్రహంలోకి దిగి జైళ్లకు వెళ్లాకనే 1914 చట్టం ఆ పెళ్లిళ్లను గుర్తించింది.

ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాయి. తల్లి వైపు వరుసను అవి ఎంత వెనక్కైనా చూపుతాయి గానీ ఊరి పేరు చెప్పవు. నన్నడిగితే అంతకన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి. అవ్వ పుట్టింటి ఇంటిపేరు, వాళ్ల ఇలవేలుపు ఎవరి నోటనైనా మిగిలి ఉంటే రెండు తరాల పని ఒక్కసారిగా తేలుతుంది. కాగితంలో ఊరు ఆదోని తాలూకాది అయినంత మాత్రాన వెతుకులాట అక్కడే ఆపకూడదు. ఆడపిల్లను ఇచ్చిపుచ్చుకోవడం 1953 గీతకు ముందూ ఉంది, తర్వాతా సాగుతోంది. ఆదోనిలో దొరకని అవ్వ పుట్టింటివాళ్లు సిరుగుప్పలో దొరకవచ్చు.